కాలేయమునందలి రక్తనాళపు కంతులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో నేడు స్కానింగు కేంద్రములు పెక్కు వెలసియున్నవి. ఒకప్పుడు కడుపులోని సంగతి తెలిసికొనుటకు హైదరాబాదు ప్రయాణము కట్టవలసివచ్చిన రైతు, నేడు ఉదయము మడికి నీరు పెట్టి, మధ్యాహ్నము స్కాను తీయించుకొని, ప్రొద్దు గూకకముందే ఇల్లు చేరుచున్నాడు. ఇది మేలైన మార్పే. కాని ఈ సౌకర్యముతోపాటు మన ఇండ్లలోనికి ఒక క్రొత్త భయము కూడ ప్రవేశించినది. ఆ భయమునుగూర్చియు, దానివలన కలుగుచున్న అనవసరపు ఖర్చునుగూర్చియు, అరుదుగానైనను నిజముగా భయపడవలసిన సందర్భములనుగూర్చియు మన సంఘ సభ్యులకు కొంత తెలియజేయుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఒక ఉదాహరణము తీసికొందము. మిర్యాలగూడ ప్రాంతపు రైతు ఒకని భార్యకు అన్నము తిన్న తరువాత కుడి డొక్కలో నొప్పి వచ్చుచున్నదనుకొనుడు. పిత్తాశయములో రాళ్లున్నవేమోనని వైద్యుడు స్కాను వ్రాసెను. రాళ్లు లేవు. కాని కాలేయము కుడిభాగమున రెండు సెంటీమీటర్ల కంతి యొకటి కనబడినదనియు, అది ‘హిమాంజియోమా’ కావచ్చుననియు కాగితముపై వ్రాసి యిచ్చిరి. ఆ కాగితము చేతబట్టుకొని ఇంటికి వచ్చుసరికి ‘ఫలానా ఆమెకు కార్జములో క్యాన్సరట’ అని ఊరంతయు చెప్పుకొనును. ఒకరు పసరు మందనుచున్నారు, ఒకరు వాత పెట్టించుమనుచున్నారు, మరియొకరు పట్నములో పెద్ద ఆపరేషను తప్పదనుచున్నారు. వారము తిరుగకముందే ఆ రైతు యాసంగి పెట్టుబడికి తెచ్చుకొనిన పంటఋణమును వైద్యమునకు మళ్లించును. చాలనిదానికి నూటికి మూడు రూపాయల వడ్డీమీద అప్పు చేయును. తీరా విచారించి చూడగా ఆ కంతికి కావలసిన వైద్యము ఏమియు లేదు. నొప్పికి కారణము వేరు.

ఇట్లు ఎందుకు జరుగుచున్నదో తెలియవలెనన్నచో కాలేయపు నిర్మాణము కొంచెము తెలియవలెను. కాలేయము మన శరీరమునందలి లోపలి అవయవములలో మిక్కిలి పెద్దది. సుమారు ఒకటిన్నర కిలోల తూకము. దీనికి రక్తము రెండు దారుల వచ్చును. ప్రేవులనుండి, ప్లీహమునుండి వచ్చు ద్వారసిర అను పెద్దనాళము నాలుగింట మూడు పాళ్ల రక్తమును తెచ్చును. గుండెనుండి వచ్చు ధమని తక్కిన పాలు తెచ్చును. అంతయు కలిసి నిమిషమునకు సుమారు ఒకటిన్నర లీటరు. మనకు తెలిసిన సామ్యము చెప్పవలెనన్నచో, సాగరు ఎడమకాలువ నీటితోపాటు బోరు నీరు కూడ పారు పొలమువంటిది కాలేయము. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన నాటినుండి మన ప్రాంతమున పెద్దకాలువ, మేజరు, మైనరు, పిల్లకాలువ అను వరుస అందరకు తెలిసినదే. కాలేయములోను అట్లే పెద్దనాళము చీలి చీలి, తుదకు వెండ్రుకకంటె సన్నని నాళములై, ప్రతి మడికిని రక్తము నందించి, మరల మురుగుకాలువవలె ఒకచోట కూడి గుండెకు చేరును.

కాలువకు లోపల సిమెంటు లైనింగు ఉన్నట్లు, రక్తనాళములకు లోపలివైపున ఒక పలుచని కణముల పొర యుండును. ఇప్పుడు మనము చెప్పుకొనుచున్న కంతులన్నియు ఈ పొరలోని కణములనుండి పుట్టినవే. ఒకే తావున పుట్టినను వీని స్వభావములు మాత్రము ఒక్కటి కావు. ఒకటి ఊరక పడియుండును. ఒకటి ఏండ్ల తరబడి మెల్లగా ప్రాకును. ఇంకొకటి నెలలలో ప్రాణము తీయును. పసిపిల్లలలో వచ్చునది వేరొక జాతి. పేరులో ‘రక్తపు కంతి’ అని యున్నంతమాత్రమున అన్నియు ఒక గాటనే కట్టుట, వడ్లలో కలసిన ప్రతి గింజను ఊదగింజ యనుటవంటిది.

మొదటిదే హిమాంజియోమా. ఇది అరుదైనది కానే కాదు. కాలేయములో వచ్చు నిరపాయకరమైన కంతులలో ఇదియే సర్వసాధారణము. వేరు కారణములచే మరణించినవారి శవములను పరీక్షించినపుడు కొన్ని లెక్కలలో నూటికి ఇరువదిమంది వరకు ఈ కంతి కలిగియుండిరని తేలినది. పురుషులకంటె స్త్రీలలో ఎక్కువగా కనబడును; ముప్పది ఏబది ఏండ్ల మధ్యవారికి తరచుగా బయటపడును. రక్తముతో నిండిన చిన్నచిన్న గదుల గుంపు ఇది. తేనెపట్టును కోసినపుడు కనబడు గదులవంటివి. ఇది క్యాన్సరుగా మారదు. ఇతర అవయవములకు ప్రాకదు. పెక్కుమందికి జీవితమంతయు ఉన్నట్లే తెలియదు. తెలిసినవారిలో అధికులకు కూడ అది వేరే నొప్పికై స్కాను తీసినపుడు తగిలినదే కాని, తనంత తాను బాధపెట్టి బయటపడినది కాదు.

కావున కంతి ఉన్నది, నొప్పి కూడ ఉన్నది అనినంతమాత్రమున నొప్పి ఆ కంతివలననే అని నిశ్చయింపరాదు. మూడు నాలుగు సెంటీమీటర్ల కంతి సాధారణముగా నొప్పి పుట్టింపదు. అన్నకోశపు పుండు, పిత్తాశయపు రాళ్లు, ప్రక్కటెముకల పట్టు, నడుము నరముల నొప్పి, వీనిని ముందు వెదకవలెను. బస్తాలెత్తు హమాలీకి, నాట్లు వేయుటకై దినమంతయు వంగి నిలుచు కూలి స్త్రీకి డొక్కనొప్పి వచ్చుటకు కాలేయమే కారణము కానక్కరలేదు.

అయిదు సెంటీమీటర్లు మించినవానిని పెద్దకంతులందురు. పది దాటినవి మరియు పెద్దవి. అవి ప్రక్క అవయవములను నొక్కుటచేత కడుపు నిండినట్లుండుట, బరువు, ఒకింత నొప్పి కలుగవచ్చును. నొప్పి నిజముగా కంతివలననే అని తేలి, మందులకు తగ్గక, పనిపాటలకు అడ్డమైనపుడు శస్త్రవైద్యుడు దానిని తొలగించుట యుక్తము. మిక్కిలి పెద్దకంతిలో రక్తము గడ్డకట్టించు పదార్థములన్నియు చిక్కుకొని శరీరమంతట రక్తస్రావమునకు దారితీయుట, కంతి పగిలి కడుపులో రక్తము చేరుట అనునవి కలవు కాని, అవి బహు స్వల్పము. పరిమాణ మొక్కటే చూచి, బాధ ఏమియు లేని మనిషిని ఆపరేషను బల్లమీద పరుండబెట్టుట తగదు. ఐరోపా కాలేయవైద్యుల సంఘమువారు 2016లో ప్రకటించిన నియమములలో, నిస్సందేహముగా గుర్తింపబడిన హిమాంజియోమాకు మాటిమాటికి స్కాను తీయుట కూడ అవసరము లేదనియు, గర్భము ధరించుటకు అది ఆటంకము కాదనియు స్పష్టముగా చెప్పిరి. ఈ రెండవ మాటను మన ఇండ్లలోని పెద్దలు ముఖ్యముగా గమనింపవలెను. స్కాను కాగితములోని ఒక్క పదమును పట్టుకొని కోడలిని పుట్టింటికి పంపువారు కూడ ఉందురని వినికిడి.

దీనికి పథ్యము లేదు. కరిగించు మందు లేదు. ‘లివరు టానిక్కు’ అను సీసాలు ఎన్ని త్రాగినను కంతి తగ్గదు.

ఇక గుర్తించు విధము. సాధారణముగా మొదట తీయునది అల్ట్రాసౌండు స్కాను. ఆరోగ్యముగా నున్న కాలేయములో, మూడు సెంటీమీటర్లకు లోపలిదై, అంచులు స్పష్టముగా నుండి, అంతట ఒకే తీరున తెల్లగా మెరయు కంతి కనబడినచో అది హిమాంజియోమాయే అని నమ్మవచ్చును. కాని అంతకంటె పెద్దదైనను, మెరుపు సమముగా లేకున్నను, కాలేయము ముందే చెడియున్నను, ఆ మనిషికి కామెర్ల జాతిలోని హెపటైటిస్ బి, సి అను వ్యాధులున్నను, పూర్వమెప్పుడైన క్యాన్సరు వచ్చియుండినను, ఈ స్కాను ఒక్కటి చాలదు. అప్పుడు రంగుమందు ఎక్కించి, వేరువేరు సమయములలో బొమ్మలు తీయు సీటీ స్కానుగాని, ఎమ్మారైగాని కావలెను.

ఈ పరీక్షలోని మర్మము రైతునకు తెలియనిది కాదు. చేతి నరములో మందు ఎక్కించిన తరువాత సుమారు అరనిమిషమునకు ఒక బొమ్మ, నిమిషము దాటినపిమ్మట ఒకటి, మరికొన్ని నిమిషములు ఆగి ఇంకొకటి తీయుదురు. మడికి నీరు వదలినపుడు నీరు ఎటునుండి వచ్చినది, ఎంతసేపటికి నడుమకు చేరినది, నిలిచినదా ఇంకినదా అని మనము చూచునట్లే వారును చూచుచున్నారు. హిమాంజియోమాలో రంగు మొదట గట్లవెంబడి అక్కడక్కడ ముద్దలుగా కనబడి, నెమ్మదిగా నడుమకు నిండి, చాలసేపు నిలుచును, బంకమట్టి మడివలె. కాలేయపు క్యాన్సరులలో సాధారణమైన జాతి మొదటి బొమ్మలోనే భగ్గున వెలిగి, తరువాతి బొమ్మలలో ప్రక్క కాలేయముకంటె ముందుగా వెలవెలబోవును. ఇసుకచెలకలో నీరు ఇంకినట్లు. కావున ఒక్క సమయమున తీసిన బొమ్మ చాలదు. కొందరు ఖర్చు తగ్గునని రంగుమందు లేకుండ సీటీ తీయించుకొని వచ్చెదరు. ఆ రూపాయలు వ్యర్థము. మరల తీయింపక తప్పదు. అయితే రంగుమందుకు ముందు మూత్రపిండముల పరీక్షయు, ఆ మందు పడనివారైనచో ఆ సంగతియు వైద్యునికి చెప్పుటయు అవసరము.

ఇచ్చట ప్రసంగవశమున ఒక మాట. మన పల్లెలలో కాలేయములో గడ్డ యనగా రక్తనాళపు కంతికంటె ముందుగా తలపవలసినవి వేరు కలవు. జ్వరము, చలి, కుడి డొక్కలో తట్టుకొనలేని నొప్పి ఉన్నచో అది అమీబా అను క్రిమివలన చీముపట్టిన గడ్డ కావచ్చును. తాటికల్లు, ఈతకల్లు అలవాటు గల పురుషులలో ఇది ఎక్కువగా కనబడుచున్నదని దక్షిణదేశపు వైద్యులు ఎరుగుదురు. సకాలమున మందులు పడినచో ఇది పూర్తిగా కుదురును. గొఱ్ఱెలను, వానివెంట కుక్కలను పెంచువారిలో కుక్క ప్రేగులోని క్రిమి గ్రుడ్లవలన కాలేయములో నీటితిత్తి ఏర్పడుట మరియొకటి. ఈ నీటితిత్తిని తెలియక సూదితో పొడిచినచో లోపలి నీరు చింది ప్రాణాపాయము కలుగవచ్చును. కావుననే, గడ్డ యేదో తెలియకముందు సూది గ్రుచ్చరాదు. నల్లగొండ జిల్లా నీళ్లలోని ఫ్లోరైడు కాలేయములో కంతులు పుట్టించునా యని కొందరు అడుగుదురు. ఫ్లోరైడు పండ్లకును ఎముకలకును చేయు కీడు మనము కన్నులార చూచినదే. ఈ కంతులకు దానిని కారణముగా చెప్పుట లేదు.

ఇప్పుడు నిజముగా అరుదైనవానికి వత్తము. వీనిలో మొదటిది ఎపిథీలియాయిడ్ హిమాంజియోఎండోథీలియోమా. పేరు నోరు తిరుగనిది, వైద్యులే ‘ఇ.హెచ్.ఇ.’ అని కుదించి పలుకుదురు. దీనిని ప్రత్యేకవ్యాధిగా 1982లో అమెరికా వైద్యులు వైస్, ఎంజింగరు అనువారు గుర్తించిరి. కాలేయమునందు వచ్చు దీనిని 1984లో ఇషాక్ అను వైద్యుడును ఆయన సహచరులును వర్ణించిరి. ఏడాదికి పదిలక్షల జనములో ఒక్కరికంటెను తక్కువమందికి వచ్చునని అంచనా. 2011 జనాభా లెక్కలలో ఇప్పటి సూర్యాపేట జిల్లాకు వచ్చిన సంఖ్య సుమారు 11 లక్షలు. ఆ ప్రకారము జిల్లా అంతట కలిపి ఏటికి ఒక్కరైనను ఉందురో లేదో. అందుచేత చిన్న పట్టణపు వైద్యుడు తన జీవితకాలమున ఒక్కరినైన చూడకపోవుట వింత కాదు. అది ఆయన తప్పును కాదు.

ఈ కంతి నడివయసువారికి, అందును స్త్రీలకు, కొంత ఎక్కువగా వచ్చును. సాధారణముగా ఒకటి కాదు, అనేకములు. కాలేయపు అంచుల వెంబడి బొడిపెలుగా పుట్టి, తరువాత ఒకదానితోనొకటి కలిసిపోవును. ఎండిన గుమ్మడికాయ తొక్క లోపలికి క్రుంగినట్లు, కంతి ఉన్నచోట కాలేయపు పైపొర లోపలికి లాగబడియుండుట దీని గుర్తులలో నొకటి. కంతివరకు వచ్చిన రక్తనాళము అచ్చటనే తటాలున ఆగిపోయినట్లు కనబడుట మరియొకటి. ఈ గుర్తులు కనిపెట్టగల రేడియాలజిస్టు లేనిచోట దీనిని వేరే అవయవమునుండి ప్రాకివచ్చిన క్యాన్సరుగా పొరబడి, ‘ఇక ఇంటికి తీసికొనిపొండు’ అని చెప్పు ప్రమాదము కలదు. కొందరికి ఊపిరితిత్తులలోను, ఎముకలలోను కూడ బొడిపెలు కనబడును గనుక ఆ పొరపాటు మరింత సులభము. కాని ఇది తక్కిన క్యాన్సరులవలె నడువదు. కొందరిలో ఏమి చేయకున్నను ఏండ్ల తరబడి కదలక మెదలక యుండును. మరికొందరిలో వడిగా పెరుగును. ఎవరిలో ఎట్లు నడచునో మొదటి దినమున చెప్పుట కష్టము. ఆశ వదలుకొనవలసిన వ్యాధి మాత్రము ఇది కాదు. నా అభిప్రాయమున ఈ వ్యాసములో జ్ఞాపకము పెట్టుకొనదగిన సంగతులలో ఇది ముఖ్యము.

దీనిని నిశ్చయించుటకు చిన్న ముక్క తీసి పరీక్షింపక తప్పదు. ఆ ముక్కను సూక్ష్మదర్శనితో చూచుటయేగాక, సి.డి.31, ఇ.ఆర్.జి. మొదలగు ప్రత్యేకపు రంగు పరీక్షలచేత ఆ కణములు రక్తనాళపు పొరనుండి పుట్టినవే అని తేల్చెదరు. ఈ కంతులలో అధికభాగమునందు రెండు జన్యువులు విరిగి ఒకటిగా అతుకుకొనియుండునని 2011లో కనిపెట్టబడినది. ఆ అతుకును పట్టించు కామ్టా1 అను పరీక్ష ఇప్పుడు రూఢికి మంచి ఆధారము.

వైద్యము రోగినిబట్టి మారును. కంతి ఒకచోటనే యున్నచో ఆ భాగమును కోసి తీయుట మేలు. కాలేయమంతట వ్యాపించినపుడు కాలేయమార్పిడి. ఐరోపాలో ఈ వ్యాధికై కాలేయమార్పిడి జరిగిన 59 మంది వృత్తాంతము 2007లో ప్రకటింపబడినది. వారిలో అయిదేండ్ల తరువాత నూటికి 83 మంది చొప్పున జీవించియుండిరి. కాలేయము వెలుపల కొద్దిగా వ్యాధి యున్నను మార్పిడికి అది పూర్తి ఆటంకము కాదని కూడ ఆ అనుభవమునుండి తెలిసినది. ఇతర క్యాన్సరులలో ఇట్టి మినహాయింపు బహు అరుదు. బాధ లేనివారిని కొంతకాలము ఊరక కనిపెట్టి చూచుటయు ఒక పద్ధతియే. సిరోలిమస్ వంటి మందులు కొందరిలో వ్యాధిని నిలిపినవి.

ఇంక మూడవది, అన్నింటికంటె క్రూరమైనది, ఆంజియోసార్కోమా. కాలేయములో పుట్టు క్యాన్సరులలో నూటికి రెండింటికి మించదు. కాని దీని చరిత్ర రైతులకు సంబంధించినది గనుక కొంచెము విస్తరించి చెప్పెదను.

జర్మనీ దేశమున మోజెల్ నదీతీరము ద్రాక్షతోటలకు ప్రసిద్ధి. అచ్చటి రైతులు 1920 ప్రాంతమునుండి తోటలకు పట్టు పురుగులమీద పాషాణపు మందులు చల్లుచుండిరి. చల్లునపుడు పీల్చుట ఒక ఎత్తు. మంచి సారాయిని అమ్ముకొని, పిండగా మిగిలిన పిప్పిలో నీరు పోసి చేసిన నాసిరకపు సారాయిని ఇంటివాడుకకు ఉంచుకొనుట రెండవ ఎత్తు. కాయల తొక్కనంటిన పాషాణమంతయు ఆ పిప్పిలోనే ఉండెను. మంచి పంటను అంగడికి పంపి తాలును తాను తిను అలవాటు ఏ దేశపు రైతునకైనను ఉన్నట్లున్నది. 1942లో ఆ మందులను నిషేధించిరి. కాని నిషేధించిన పది ఇరువది ఏండ్ల తరువాత కూడ ఆ రైతులలో చర్మపు క్యాన్సరులు, ఊపిరితిత్తుల క్యాన్సరులు, వానితోపాటు లోకమున ఎక్కడనో గాని కనబడని ఈ కాలేయపు ఆంజియోసార్కోమాయు బయటపడుచు వచ్చెను. విషము లోపలికి పోయిన నాడు ఏమియు తెలియదు.

పాషాణము మందుల రూపమున కూడ లోపలికి పోయినది. 1786లో ఫౌలరు అను ఆంగ్లవైద్యుడు ప్రచారములోనికి తెచ్చిన పాషాణపు ద్రావకమును చలిజ్వరమునకును చర్మరోగములకును నూటయేబది ఏండ్లకు పైగా వాడిరి. చిరకాలము త్రాగినవారిలో కొందరికి ఇదే కంతి వచ్చినది. మనవైపు హరిదళము, మణిశిల అను పేర్లతో వాడుకలో ఉన్నవి కూడ పాషాణముతో కూడిన ఖనిజములే. పేరు ఊరు లేని పొట్లములలో, కీళ్లనొప్పులకనియు బొల్లికనియు అమ్మజూపు భస్మములను ఏండ్ల తరబడి మ్రింగుట మంచిది కాదు.

మరి రెండు కారణములు. 1930 మొదలుకొని రెండు దశాబ్దములకు పైగా ఎక్సురే బొమ్మలు తీయుటకు థోరోట్రాస్టు అను రేడియోధార్మిక ద్రవమును నరములలోనికి ఎక్కించిరి. అది కాలేయములో జీవితాంతము నిలిచి, ఇరువది ముప్పది ఏండ్లకు ఈ కంతిని పుట్టించెను. ఇప్పుడు వాడుట లేదు. రెండవది వినైల్ క్లోరైడు వాయువు. 1974లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున లూయివిల్ పట్టణమునందు ఈ వాయువుతో ప్లాస్టిక్కు తయారుచేయు కర్మాగారపు కూలీలలో ముగ్గురు ఈ అరుదైన వ్యాధితోనే మరణించినట్లు బయటపడగా లోకమంతట కలవరము పుట్టినది. పి.వి.సి. గొట్టములు ఆ వాయువునుండి చేసినవే గదా, మన బోరు గొట్టముల మాటేమి అని అడుగవచ్చును. ప్రమాదము తయారీ పాత్రలలోనికి దిగి శుభ్రపరచి, ఆ వాయువును దినదినము పీల్చిన కూలీలకు కలిగినది. తయారైన గొట్టముద్వారా నీరు పారించుకొను రైతునకు ఆ భయము లేదు. అయితే పాత గొట్టముల ముక్కలను గట్టుమీద తగులబెట్టి ఆ పొగ పీల్చుట మాత్రము మానవలెను. ఆ పొగలో వేరు విషములు కలవు.

నేడు మన పొలములకు కొట్టు పురుగుమందులు సాధారణముగా పాషాణజాతివి కావు. కావున వానికిని ఈ కంతికిని ముడిపెట్టి భయపడనక్కరలేదు. అంతమాత్రమున అవి తీర్థము కావు. నిజము చెప్పవలెనన్నచో ఈ వ్యాధి వచ్చినవారిలో అధికసంఖ్యాకులకు పైన చెప్పిన కారణములలో ఏదియు కనబడదు.

ఆంజియోసార్కోమా లక్షణములు వడిగా ముదురును. అలసట, బరువు తగ్గుట, కడుపుబ్బు, కామెర్లు, ఒక్కొక్కప్పుడు కంతి పగిలి హఠాత్తుగా కడుపులో రక్తస్రావము. వైద్యము అందనివారు సుమారు ఆరుమాసములకు మించి జీవించుట అరుదు. ఒకే తావున చిన్నదిగా నున్నపుడు పట్టుబడినచో కోసి తీయవచ్చును, కాని అట్టి అదృష్టము తక్కువమందికి. పగిలినపుడు తొడ దగ్గరి ధమనిగుండా సన్నని గొట్టము పంపి, కాలేయమునకు పోవు నాళమును తూము బిగించినట్లు మూసి రక్తమును ఆపుదురు. మందులు కొంతకాలము నిలుపును. కాలేయమార్పిడి మాత్రము దీనికి చేయరు. చేసినచోట్ల వ్యాధి కొద్దినెలలలోనే తిరిగివచ్చినది. ఇ.హెచ్.ఇ.కి మార్పిడి ప్రాణదానము, దీనికి వ్యర్థము. ఒకే పొరనుండి పుట్టిన రెండు కంతులకు ఇంత భేద మున్నది గనుకనే ముక్కపరీక్షలో తొందరపాటు పనికిరాదు.

పసిపిల్లల సంగతి వేరు. పుట్టిన కొన్ని వారములకు చర్మముమీద ఎఱ్ఱని ఉబ్బుమచ్చలు అయిదుగాని అంతకుమించిగాని కనబడినచో కాలేయమునకు స్కాను తీయింపవలెను. లోపల కూడ అట్టి కంతులుండవచ్చును. అవి పెక్కుగా నున్నపుడు బిడ్డ కడుపు పెద్దదగును, రక్తమంతయు అటు మళ్లి గుండె అలసిపోవును, థైరాయిడు రసము తరుగును. 2008లో ఫ్రాన్సు దేశమున బోర్డో నగరపు వైద్యులు గుండెజబ్బుకు వాడు ప్రొప్రనలాల్ అను చవుక మందు ఈ పసిపిల్లల కంతులను కరిగించుచున్నదని గమనించి ప్రకటించిరి. నాటినుండి ఈ బిడ్డల గతి మారినది. ఆసుపత్రిలో ఉంచి, గుండె వేగమును, రక్తములోని చక్కెరను కనిపెట్టుచు మొదలుపెట్టవలసిన మందు ఇది. దుకాణములో కొని ఇంట పోయదగినది కాదు. పెద్దల హిమాంజియోమాకు ఇది వైద్యము కాదు. చర్మముపై మచ్చలను చూచి దిష్టి తీసి ఊరకుండువారు ఈ సంగతి గ్రహించినచో కొన్ని ప్రాణములు దక్కును.

సూదిపరీక్షనుగూర్చి మరియొక మాట. స్కానులోనే స్పష్టపడిన హిమాంజియోమాకు సూది అక్కరలేదు. రక్తము నిండిన సంచిని పొడుచుట ఎందుకు? సందేహము మిగిలినపుడు మాత్రము, రక్తము గడ్డకట్టు శక్తిని ముందు పరీక్షించి, మంచి కాలేయభాగముగుండా సూదిని నడిపి, రక్తస్రావమైనచో వెంటనే ఆపగల ఏర్పాటున్న పెద్ద ఆసుపత్రిలోనే ముక్క తీయించుకొనవలెను.

ఎచ్చటికి పోవలెనన్న ప్రశ్న మిగిలినది. సూర్యాపేటలోను నల్లగొండలోను 2019లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ఏర్పడినవి. కోదాడవారు సూర్యాపేటకును, మిర్యాలగూడవారు నల్లగొండకును మొదట పోయి, స్కాను కాగితము చూపి, నిపుణుల అభిప్రాయము తీసికొనుట సులభము. అచ్చట సందేహము తీరనిచో వ్రాతపూర్వకముగా పైకి పంపుమని అడుగవలెను. హైదరాబాదులో నిమ్సు, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు, క్యాన్సరునకు ఎమ్.ఎన్.జె. సంస్థ, పిల్లలకు నిలోఫరు కలవు. మిర్యాలగూడనుండి సికిందరాబాదు పోవు రైలుమార్గములోనే బీబీనగరున్నది. అచ్చట అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ నెలకొన్నది. ఉస్మానియాలో కాలేయమార్పిడులు కూడ జరిగినవి. మరణించినవారి అవయవములు కోరువారి పేర్లు జీవన్‌దాన్ పట్టికలో నమోదగును. 2013నుండి ఈ ఏర్పాటు నడుచుచున్నది. చికిత్స చేయు ఆసుపత్రివారే పేరు వ్రాయింతురు గాని మధ్యవర్తులతో పని లేదు.

ఖర్చు విషయమున, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకపు పరిమితిని తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో కుటుంబమునకు ఏటికి 10 లక్షల రూపాయలకు పెంచినది. పథకములో చేరిన ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర అను ఉద్యోగి కూర్చుండును. ఏ చికిత్స పట్టికలో ఉన్నదో, ఏది లేదో, ఆసుపత్రిలో చేరకముందే ఆ మనిషిని అడిగి తెలిసికొనవలెను. ముందు చేతి డబ్బు కట్టి, పిమ్మట విచారించినచో సాధారణముగా ఆ డబ్బు తిరిగి రాదు. సంఘమున తీసికొనిన పంటఋణమును ముట్టుకొనుటకు ముందు, వడ్లు అమ్మిన రొక్కమును కదలించుటకు ముందు, ఈ ఒక్క విచారణ చేసికొనుడు.

పోవునపుడు వట్టి కాగితములు మాత్రమే తీసికొనిపోయి తిరిగివచ్చువారు పెక్కుమంది. సీటీ లేక ఎమ్మారై తీసినచోట ఇచ్చు బిళ్లయందు బొమ్మలన్నియు ఉండును. రేడియాలజిస్టునకు కావలసినది అదియే, ఫిల్ములోని నాలుగు బొమ్మలు కావు. మునుపు ముక్క తీసియుండినచో, దానిని మైనపు దిమ్మలో పొదిగి పరీక్షశాలలో భద్రపరచి యుంతురు. రోగి పేర అర్జీ వ్రాసి ఆ దిమ్మను, గాజుపలకలను అడిగి తీసికొనుడు. రెండవమారు సూది గ్రుచ్చకుండనే ఆ దిమ్మనుండి క్రొత్త రంగు పరీక్షలన్నియు చేయవచ్చును. దానిని ఎండలో, మోటారుబండి పెట్టెలో ఉంచిన యెడల మైనము కరగును. గుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టుకొని పోవలెను.